టైమ్‌సిరీస్ గ్రాఫు సాఫ్ట్‌వేర్: అక్షం మీది అంకెను చూసి ఎంచుకోండి

సర్వర్ మీది లోడ్ చూపే గ్రాఫులో నిలువు అక్షం పక్కన ‘200 ఎమ్’ అని ఉందనుకోండి. ఆ ఎమ్ చిన్న అక్షరమైతే మిల్లీ. అంటే విలువ 0.2, సర్వర్ దాదాపు ఖాళీగా ఉంది. పెద్ద అక్షరమైతే మెగా, అంటే 20 కోట్లు. రెండింటికీ మధ్య నూరు కోట్ల రెట్ల తేడా. చిన్న ఫాంటులో, దూరాన గోడమీది తెరలో చూసేవారికి ఆ తేడా కనిపించదు. కొలత సరైనదే, గీత గీసిన చోటూ సరైనదే. కాటా తప్పలేదు, తూకపురాయి మీది అంకె దగ్గరే వచ్చింది చిక్కంతా.

టైమ్‌సిరీస్ అంటే కాలక్రమంలో వరుసగా తీసిన కొలతలు. వాటిని గీసే గ్రాఫు సాఫ్ట్‌వేర్లను పోల్చేటప్పుడు రంగులు, వేగం, ప్లగిన్లు, ఏ డేటాబేసుతో కలుస్తుంది వంటివే చర్చకు వస్తాయి. అక్షం మీది లేబుల్‌ను ఎవరూ పట్టించుకోరు. అది తనంతట తానే వచ్చేస్తుంది కదా అని. నిజానికి తనంతట తాను వచ్చేది కాబట్టే దాన్ని అనుమానించాలి. ప్రతి సాఫ్ట్‌వేరూ లేబుల్ విషయంలో ఏదో ఒకటి ఊహిస్తుంది, ఆ ఊహ తప్పే తీరు ఒక్కో దానిలో ఒక్కో రకం. మీ పనిలో ఏ రకం తప్పు ఎక్కువ నష్టం చేస్తుందో తెలిస్తే ఏది ఎంచుకోవాలో సగం తేలిపోతుంది.

ఇక్కడ పోలుస్తున్నవి అయిదు: కొలతలను నిల్వచేసి గ్రాఫు గీసే ఆర్‌ఆర్‌డీటూల్ (దాని మీద నడిచే మ్యూనిన్, కాక్టై వంటి పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్లతో కలిపి); డాష్‌బోర్డులు చూపే గ్రఫానా; ఎక్సెల్, లిబ్రెఆఫీస్ కాల్క్ వంటి స్ప్రెడ్‌షీట్లు; పైథాన్ కోడుతో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్; కమాండులతో గీసే గ్నూప్లాట్.

## ముందుగా ఒక ప్రశ్న

గీసినవారి చేతిలోనే పూర్తయ్యే గ్రాఫు ఒక రకం. నివేదికలోనో పత్రికలోనో అచ్చయ్యే బొమ్మ అలాంటిది. దాని అక్షం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో గీసేటప్పుడే తెలుసు. అందువల్ల లేబుల్ ఎలా ఉండాలో మనిషే చెప్పాలి, సాఫ్ట్‌వేర్‌కు వదలకూడదు.

చూసేవారి చేతిలో మారుతూ ఉండేది రెండో రకం. డాష్‌బోర్డులో, అంటే గ్రాఫులన్నీ ఒకచోట చూపే తెరలో, ఒకరు గత గంట చూస్తారు, మరొకరు గత ఏడాది చూస్తారు. గంటకు సరిపోయే లేబుల్ ఏడాదికి సరిపోదు. ఇక్కడ మనిషి పట్టుబట్టి ‘దశాంశాలు వద్దు’ అన్నాడంటే, ఎవరో గ్రాఫును దగ్గరకు లాగి చూసినప్పుడు ఒకే అంకె మూడుసార్లు పడుతుంది. కాబట్టి డాష్‌బోర్డులో లేబుల్‌ను పూర్తిగా కట్టిపడేయకూడదు. యూనిట్ ఏమిటో మాత్రం నిక్కచ్చిగా చెప్పి, మిగిలినది సాఫ్ట్‌వేర్‌కు వదలాలి.

చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. అచ్చుకు వెళ్లే బొమ్మలో అన్నీ డీఫాల్టుకు వదిలేస్తారు, డాష్‌బోర్డులో మాత్రం ప్రతి పెట్టెలోనూ ఏదో ఒకటి నింపుతారు.

## ఏమేమి చూసి పోల్చాలి

గుణకం, ఆధారం. కిలో అంటే 1000. కంప్యూటర్ మెమరీ లెక్కలో మాత్రం 1024ను కూడా కిలో అనే పిలుస్తూ వచ్చారు. ఈ గందరగోళం తీర్చడానికే అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లో కిబి, మెబి, గిబి అనే వేరే గుణకాలు తెచ్చింది. కిలో దగ్గర తేడా 2.4 శాతమే. మెగా దగ్గర 4.9, గిగా దగ్గర 7.4, టెరా దగ్గరకు వచ్చేసరికి దాదాపు 10 శాతం. డిస్కు నిండిపోతుందా లేదా అని చూసే గ్రాఫులో పది శాతం చిన్న విషయం కాదు. దీనికి తోడు బిట్లా బైట్లా అన్న ప్రశ్న ఒకటి ఉంది. నెట్‌వర్క్ పరికరాల కౌంటర్లు సాధారణంగా బైట్లు లెక్కిస్తాయి, లైన్ సామర్థ్యాన్ని మాత్రం బిట్లలో చెబుతారు. అక్షం మీద ‘ట్రాఫిక్’ అని మాత్రమే రాసి ఉంటే ఎనిమిది రెట్ల పొరపాటుకు తలుపు తీసిపెట్టినట్టే.

గుండ్రం చేయడం. అక్షం మీది గీట్లు 0, 0.5, 1, 1.5, 2, 2.5, 3, 3.5, 4 దగ్గర పడ్డాయి. దశాంశాలు వద్దన్నాం. అక్షం మీద ఏమొస్తుంది? సి భాష తరహా ఫార్మాటింగు సాధారణంగా సరిగ్గా సగం ఉన్న విలువను దగ్గరలోని సరిసంఖ్యకు గుండ్రం చేస్తుంది. పైథాన్‌లోనూ అంతే. కాబట్టి లేబుళ్లు 0, 0, 1, 2, 2, 2, 3, 4, 4 అని వస్తాయి. రెండు మూడుసార్లు, సున్నా నాలుగు రెండేసిసార్లు, ఒకటి మూడు ఒక్కోసారి. గీట్ల మధ్య దూరం మాత్రం అంతటా సమానం. 2.5 దగ్గరున్న బిందువును చూసినవారు అది 2 అనే చదువుతారు, అందులో వారి తప్పేమీ లేదు.

అక్షం ఎక్కడ మొదలవుతుంది. గీతల గ్రాఫు సున్నా నుంచే మొదలవ్వాలన్న నియమం లేదు. శరీర ఉష్ణోగ్రతను సున్నా నుంచి గీస్తే జ్వరం కనిపించదు. కానీ ఎక్కడ మొదలుపెట్టాలో సాఫ్ట్‌వేర్ డేటాను బట్టి మార్చుకుంటూ పోతే, నిన్నటి బొమ్మను ఈరోజు బొమ్మతో పోల్చలేం.

కాలం. అసలు మోసమంతా ఇక్కడే ఉంటుంది, ఎక్కువమంది చూడనిదీ ఇక్కడే. సమయం దూరాన్ని బట్టి బిందువులు పడ్డాయా, లేక వరుసగా సమాన దూరంలో పేర్చేశారా? టైమ్‌జోన్ ఏది? గంట సగటు మీద ‘10:00’ అని ఉంటే అది పదికి మొదలైన గంటా, పదికి ముగిసిన గంటా? ఈ చివరి ప్రశ్నకు సాఫ్ట్‌వేర్లు ఒకదానికొకటి పొంతన లేని జవాబులు చెబుతాయి. ఆర్‌ఆర్‌డీటూల్ ముగిసిన సమయం వేస్తుంది. ఇన్‌ఫ్లక్స్ డేటాబేసు పాత క్వెరీ భాషలో, సగటు తీసిన కొలతల గుంపు మొదలైన సమయం వేస్తుంది. అదే డేటాబేసు తర్వాత తెచ్చిన ఫ్లక్స్ భాషలో కిటికీ (నిర్ణీత కాలవ్యవధి) సగటు తీసే ఫంక్షన్ ఏమీ చెప్పకపోతే ముగిసిన సమయం వేస్తుంది. పైథాన్‌లోని పాండాస్ లైబ్రరీ గంటకూ రోజుకూ మొదలైన సమయం వేసి, వారానికీ నెలాఖరుకూ ముగిసిన తేదీ వేస్తుంది. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి మారినప్పుడు గ్రాఫు మొత్తం ఒక గంట పక్కకు జరిగినట్టు కనిపిస్తే టైమ్‌జోన్‌ను తిట్టుకోకముందు దీన్ని చూడండి.

తిరుగుదారి. సాఫ్ట్‌వేర్ ఊహ తప్పినప్పుడు దాన్ని ఆపే సెట్టింగు ఉందా, అది ఎంత దగ్గరలో ఉంది, ఒకసారి పెడితే నిలుస్తుందా? నా దృష్టిలో మిగతా నాలుగింటి కన్నా దీనికే బరువెక్కువ.

## ఆర్‌ఆర్‌డీటూల్ కుటుంబం

టోబియస్ ఓటికర్ 1995లో నెట్‌వర్క్ ట్రాఫిక్ గ్రాఫులు గీసే ఎమ్‌ఆర్‌టీజీ, 1999లో ఆర్‌ఆర్‌డీటూల్ విడుదల చేశారు. పాతదే అయినా దీని మీద నడిచే పర్యవేక్షణ తెరలు ఇప్పటికీ చాలాచోట్ల ఉన్నాయి. ఫైలు సైజు ఎప్పటికీ పెరగకపోవడం దీని గొప్ప. దీని లేబుళ్ల రెండు చిక్కుల్లో ఒకదానికి మూలమూ ఆ గుణమే.

పైన చెప్పిన చిన్న ఎమ్ దీని ఊరి గుర్తు. విలువ ఒకటి కన్నా తగ్గగానే మిల్లీకి దిగిపోతుంది. ‘సెకనుకు 300 మిల్లీ లాగిన్లు’ అన్న మాట ఇంజనీరుకు కూడా ఒక క్షణం ఆగి ఆలోచిస్తే గాని అర్థం కాదు. దాదాపు మూడు సెకన్లకు ఒకటి చొప్పున అని గ్రాఫు ఎన్నడూ చెప్పదు. దీన్ని ఆపడం తేలికే. యూనిట్స్-ఎక్స్‌పోనెంట్ అన్న ఆప్షన్‌ను సున్నా చేస్తే గుణకాలు పోతాయి. కాక్టైలో గ్రాఫు టెంప్లేటులోనే యూనిట్ ఎక్స్‌పోనెంట్, బేస్ వాల్యూ అనే పెట్టెలు ఉన్నాయి. మ్యూనిన్ ప్లగిన్‌లో గ్రాఫ్ స్కేల్ అన్నదానికి ‘నో’ అని పెడితే చాలు. మెమరీ గ్రాఫులకు బేస్ 1024, నెట్‌వర్కుకు 1000 అని ఒక్కో గ్రాఫుకూ విడిగా చెప్పాలి. చెప్పకపోతే అన్నింటికీ 1000.

రెండో చిక్కు లోతైనది. ఆర్‌ఆర్‌డీటూల్ డేటాను నిర్ణీత వ్యవధులకు సర్దుతుంది. అయిదు నిమిషాల వ్యవధి ఉన్నచోట కొలత సరిగ్గా ఆ సరిహద్దులో రాకపోతే అటూ ఇటూ పంచి లెక్కిస్తుంది. అందుకే ‘లాగిన్ అయిన వాడకందార్లు’ గ్రాఫులో 3.4 మంది కనిపిస్తారు. ఫైలు పెరగకుండా ఉండేందుకు, డేటా పాతబడే కొద్దీ సగటు తీసే వ్యవధి ఇంకా పెద్దదవుతుంది. ఎమ్‌ఆర్‌టీజీ సంప్రదాయంలో 5 నిమిషాలు, 30 నిమిషాలు, 2 గంటలు, 1 రోజు అని నాలుగు మెట్లు. ఏడాది గ్రాఫులో ప్రతి బిందువూ ఒక రోజు సగటు. నిలువు అక్షం మీద మాత్రం రోజు గ్రాఫులో ఏముందో ఏడాది గ్రాఫులోనూ అదే ఉంటుంది: ‘సెకనుకు బిట్లు’. పది నిమిషాలపాటు లైన్ పూర్తిగా నిండిపోయిన రోజు కూడా అక్కడ ప్రశాంతంగానే కనిపిస్తుంది. గరిష్ఠ విలువలను విడిగా నిల్వచేసే సౌకర్యం ఉంది, కానీ ఫైలు సృష్టించే రోజే అడిగి ఉండాలి. ఆ తర్వాత అడిగితే పోయిన శిఖరాలు తిరిగి రావు.

ఎవరికి సరిపడుతుంది? ఇప్పటికే నడుస్తున్న వ్యవస్థ ఉన్నవారికి, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోకుండా నడవవలసిన చోట. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పను.

## గ్రఫానా

టోర్కెల్ ఓడెగార్డ్ కిబానా 3 అనే డాష్‌బోర్డు సాఫ్ట్‌వేర్ కోడు నుంచి చీల్చి తయారుచేసిన ఈ సాఫ్ట్‌వేర్ 2014లో బయటికి వచ్చింది. లేబుల్ విషయంలో దీని మెరుగు ఒక్కటే, కానీ పెద్దది: యూనిట్‌ను జాబితాలోంచి ఎంచుకోమంటుంది. బైట్లు అంటే 1000 ఆధారంగా ఒకటి, 1024 ఆధారంగా మరొకటి విడివిడిగా ఉన్నాయి, అక్షం మీద పడే అక్షరాలు కూడా వేరు. సెకన్లు అని చెబితే 0.2ను 200 మిల్లీసెకన్లుగా ‘ఎమ్‌ఎస్’ అని పూర్తిగా రాస్తుంది.

అయితే జాబితాలోంచి తప్పుది ఎంచుకున్నా అంతే నమ్మకంగా చూపిస్తుంది. శాతానికి రెండు ఉన్నాయి: 0 నుంచి 100 దాకా ఉండే శాతం, 0.0 నుంచి 1.0 దాకా ఉండే శాతం. డేటా 0.45 అని వస్తుంటే మొదటిది ఎంచుకున్నారో, సగానికి దగ్గరగా నిండిన డిస్కు అర శాతం కన్నా తక్కువే నిండినట్టు కనిపిస్తుంది. హెచ్చరిక పరిమితిని కూడా ఆ తెరలోని శాతం లెక్కన, నూటికి ఇంత అని, పెట్టుకున్నవారికి హెచ్చరిక ఎన్నటికీ రాదు. తీరుతెన్నులు చూసి గీత ఆకారం సరిగానే ఉందని సంతృప్తి పడటం వల్ల ఈ తప్పు నెలల తరబడి దాగి ఉండగలదు.

నిలువు అక్షాన్ని గ్రఫానా డేటాను బట్టి అమరుస్తుంది. 2.01కీ 2.03కీ మధ్య కదిలే విలువ ఎవరెస్టులా లేస్తుంది. దీనికి ‘సాఫ్ట్ మిన్’, ‘సాఫ్ట్ మ్యాక్స్’ అనేవి మంచి మందు: డేటా ఈ హద్దుల్లోనే ఉన్నంతసేపు అక్షం కదలదు, దాటితే తానే సాగుతుంది. కఠినంగా గరిష్ఠం పెట్టే బదులు ఇది వాడండి. కఠిన గరిష్ఠం పెడితే దాన్ని దాటిన రోజు గీత పైఅంచులో మాయమవుతుంది, చూడవలసింది ఆ రోజే.

ఇక కాలం. డాష్‌బోర్డు డీఫాల్టుగా చూసేవారి బ్రౌజర్ టైమ్‌జోన్‌ను అనుసరిస్తుంది. ఒంటరిగా పనిచేసేవారికి హాయి. రెండు దేశాల్లో ఉన్న ఇద్దరు ఫోనులో మాట్లాడుకుంటూ ‘మూడు గంటలకు లేచిన శిఖరం చూశారా’ అనుకుంటే, ఇద్దరూ వేర్వేరు శిఖరాలు చూస్తారు. సమస్య వచ్చినప్పుడు పలుచోట్ల నుంచి చూసే బృందాలు డాష్‌బోర్డును యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) కట్టేసి, శీర్షికలోనే ఆ మాట రాయడం మేలు. కొలతలు సేకరించి నిల్వచేసే ప్రొమీథియస్ అనే సాఫ్ట్‌వేర్ సొంత తెర డీఫాల్టుగా యూటీసీ చూపిస్తుందని కూడా గుర్తుంచుకోండి. అదే డేటాను గ్రఫానాలో, ప్రొమీథియస్‌లో పక్కపక్కన తెరిచి గాబరాపడేవారు చాలామంది.

ప్రొమీథియస్ వాడేవారికి మరో మాట. ‘ఈ వ్యవధిలో ఎంత పెరిగింది’ అని అడిగితే అది కిటికీ అంచుల దాకా అంచనా వేసి చెబుతుంది. మూడు ఎర్రర్లు వచ్చినచోట మూడుంపావు కనిపించవచ్చు. ఇది లోపం కాదు, దాని డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. అక్షం శీర్షికలో ‘ఎర్రర్లు’ అని కాకుండా ‘ఎర్రర్లు, అంచనా’ అని రాస్తే మూడుంపావు ఎర్రర్లు ఏమిటని ఎవరూ అడగరు. రేటు తీసే కిటికీని చేత్తో అయిదు నిమిషాలని రాసేస్తే, నెల రోజుల గ్రాఫులో ఒక్కో బిందువుకూ మధ్య గంటల ఎడం వచ్చి, నడుమ ఉన్నదంతా జారిపోతుంది. ఆ ఎడాన్ని బట్టి కిటికీని సాగించే రేట్ ఇంటర్వల్ చరాన్ని గ్రఫానా ఇచ్చింది, వాడండి.

## స్ప్రెడ్‌షీట్లు

అందరి దగ్గరా ఉండేది ఇదే, టైమ్‌సిరీస్‌కు అన్నింటికన్నా ప్రమాదకరమైనదీ ఇదే.

ఎక్సెల్‌లో ‘లైన్’ చార్టుకూ ‘స్కాటర్’ చార్టుకూ తేడా అందం విషయం కాదు. తేదీలు టెక్స్టుగా ఉంటే లైన్ చార్టు వాటిని పేర్లలాగా చూసి సమాన దూరంలో పేర్చేస్తుంది. 1990, 2000, 2010, 2011, 2012 అన్న సంవత్సరాలు ఒకే ఎడంతో పడతాయి. దశాబ్దంలో వచ్చిన మార్పు, ఏడాదిలో వచ్చిన మార్పు ఒకే వాలుతో కనిపిస్తాయి. తేదీలు నిజమైన తేదీలైతే ఎక్సెల్ తేదీ అక్షానికి మారుతుంది, అప్పుడు ఎడం సరిగా వస్తుంది. కానీ తేదీ అక్షం లెక్కలో అతి చిన్న కొలత ఒక రోజు. గంటగంటకూ తీసిన కొలతలు ఇస్తే ఒకే రోజువన్నీ ఒకే నిలువుగీత మీద పేరుకుంటాయి.

గంటల డేటాకు స్కాటర్ ఒక్కటే దారి. దానిలోనూ ఒక ఉచ్చు ఉంది. స్కాటర్‌కు నెల అంటే తెలియదు, రోజుల సంఖ్యే తెలుసు. 2025 జనవరి 1 నుంచి 30 రోజులకో గీటు పెట్టి, లేబుల్‌లో నెల పేరు మాత్రమే చూపమన్నామనుకోండి. గీట్లు జనవరి 1, జనవరి 31, మార్చి 2, ఏప్రిల్ 1, మే 1, మే 31 దగ్గర పడతాయి. అక్షం మీద చదివేది: జనవరి, జనవరి, మార్చి, ఏప్రిల్, మే, మే. ఫిబ్రవరి క్యాలెండరులోంచి లేచిపోయింది. ఇలాంటి అక్షం ఉన్న నివేదిక సంతకాలతో సహా దాటిపోవడం వింతేమీ కాదు, ఎందుకంటే నెలల పేర్లను ఎవరూ వరుసగా చదవరు. లేబుల్‌లో రోజును కూడా చూపిస్తే తప్పు వెంటనే బయటపడుతుంది.

నిలువు అక్షానికి ఎక్సెల్ పాటించే నియమం తెలుసుకోదగ్గది. అత్యధిక, అత్యల్ప విలువల తేడా అత్యధిక విలువలో 16.67 శాతం దాటితే అక్షం సున్నా నుంచి మొదలవుతుంది. దాటకపోతే సున్నాను వదిలేసి, దానికన్నా పైనున్న విలువ నుంచి మొదలవుతుంది. 90కీ 100కీ మధ్య ఉన్న డేటా కొండలు లోయలుగా కనిపిస్తుంది. వచ్చే నెల ఒక్క విలువ 80కి పడితే అక్షం సున్నాకు దూకి, పాత కొండలన్నీ చదునైపోతాయి. నెలనెలా అదే షీటుకు ఒక వరుస చేర్చి నివేదిక పంపేవారు కనిష్ఠాన్ని తప్పనిసరిగా చేత్తో పెట్టాలి.

అక్షాన్ని ‘మిలియన్లలో’ చూపే సౌకర్యం ఉంది. దాని లేబుల్‌ను ఒక టిక్కు తీసేసి దాచే వీలూ ఉంది. అలా దాచే వీలు ఎందుకిచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పాత మ్యాక్ ఫైళ్ల విషయంలో తేదీలు 1904 నుంచి లెక్కించే పద్ధతి ఒకటి ఉండేది. 1900 పద్ధతి ఫైలులోకి కాపీ చేస్తే 1,462 రోజులు, అంటే నాలుగేళ్ల ఒక రోజు తేడా వస్తుంది.

కాల్క్‌లోనూ తేదీ అక్షం రోజుకన్నా కిందికి దిగదు. పై జాగ్రత్తలు దానికీ వర్తిస్తాయి.

## మ్యాట్‌ప్లాట్‌లిబ్

అచ్చుకు వెళ్లే బొమ్మకు నా మొదటి ఎంపిక ఇదే. కారణం, ఇది ఊహించిన ప్రతిదాన్నీ ఒక వరుస కోడుతో కొట్టేయవచ్చు, ఆ వరుస ఫైలులో నిలిచిపోతుంది. ఏడాది తర్వాత ఎవరు నడిపినా అదే లేబుల్ వస్తుంది.

కొట్టేయకపోతే మాత్రం మూడు చోట్ల దెబ్బ తగులుతుంది. మొదటిది ఆఫ్‌సెట్, అంటే అంకెలన్నింటిలోని ఉమ్మడి భాగాన్ని తీసి మూలన రాయడం. వాతావరణ పీడనం 101325.1 నుంచి 101325.9 పాస్కల్స్ మధ్య కదులుతుంటే అక్షం మీద 0.2, 0.4, 0.6 అని పడి, పైన ఒక మూల చిన్నగా ‘ప్లస్ 1.01325 ఇంటూ 10 పవర్ 5’ అన్న అర్థంతో ఒక ముక్క ఉంటుంది. ఎవరైనా బొమ్మ పైభాగం కత్తిరిస్తే పీడనం అర పాస్కల్‌కు పడిపోయినట్టే. యూజ్ఆఫ్‌సెట్‌ను ‘ఫాల్స్’ చేయడం అలవాటుగా పెట్టుకోండి. రెండోది తేదీ. రెండు మూడు రోజుల వ్యవధి ఉన్న గ్రాఫులో డీఫాల్టు లేబుల్ నెల, రోజు, గంట వరుసలో ఉంటుంది: ‘03-05 10’. చదివేవారు దీన్ని 2010 మే 3 అంటారు, లేదా 2010 మార్చి 5 అంటారు. అసలు అర్థం మార్చి 5, ఉదయం పది. 3.1 వెర్షన్ నుంచి ఉన్న కన్‌సైజ్ డేట్ ఫార్మాటర్ వాడితే ఈ గోల తగ్గుతుంది. మూడోది, తేదీలను స్ట్రింగులుగానే (మామూలు టెక్స్టుగానే) ఇస్తే స్ప్రెడ్‌షీటు చేసిన తప్పే ఇదీ చేస్తుంది: సమాన దూరంలో, వచ్చిన వరుసలో పేర్చేస్తుంది. ముందే తేదీ రకానికి మార్చాలి. టైమ్‌జోన్ చెప్పకపోతే యూటీసీ అనుకుంటుంది.

## గ్నూప్లాట్

1986 నుంచి ఉంది. ఊహలు తక్కువ, చెప్పింది చేస్తుంది. కాలాన్ని కాలంగా చూడమని, తేదీ ఏ ఆకారంలో ఉందో, లేబుల్ ఏ ఆకారంలో కావాలో మూడూ మీరే రాయాలి. 1000, 1024 ఆధారాలకు వేర్వేరు ఫార్మాటు గుర్తులున్నాయి. టైమ్‌జోన్ల జోలికి పోదు, కాబట్టి మార్పిడి ముందే చేసి ఇవ్వాలి.

అన్నీ మీరే రాస్తారు కాబట్టి తప్పూ మీదే అవుతుంది. అన్నింటికన్నా తరచుగా వచ్చేది: ఫార్మాటులో పెద్ద ఎమ్ నిమిషం, చిన్న ఎమ్ నెల. గంట పక్కన చిన్న ఎమ్ రాస్తే మార్చి నెలంతా లేబుళ్లు 10:03, 11:03, 12:03 అని వస్తాయి. చూడటానికి ఎంత సహజంగా ఉంటాయంటే, కొలిచే పరికరం గంట దాటి మూడు నిమిషాలకు పనిచేస్తోందని అనుకుంటారు. ఇది మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోనూ, ఆర్‌ఆర్‌డీటూల్‌లోనూ జరుగుతుంది.

## ఒక్కచోట చూస్తే

| | ఆర్‌ఆర్‌డీటూల్ | గ్రఫానా | స్ప్రెడ్‌షీటు | మ్యాట్‌ప్లాట్‌లిబ్ | గ్నూప్లాట్ |
|---|---|---|---|---|---|
| యూనిట్ గుణకం | తానే వేస్తుంది, మిల్లీ మోసం | జాబితాలోంచి ఎంపిక | దాచే వీలుంది | ఆఫ్‌సెట్, ఘాతం మూలన | మీరు చెప్పినట్టు |
| కాలం ఎడం | సరైనది | సరైనది | చార్టు రకాన్ని బట్టి | తేదీ రకమైతే సరైనది | కాలమని చెబితే సరైనది |
| టైమ్‌జోన్ | గీసే సర్వర్‌ది | చూసేవారిది | లేదు | యూటీసీ, మార్చవచ్చు | లేదు |
| తప్పు దాగే చోటు | పాత సగటులు | తప్పు యూనిట్ ఎంపిక | అక్షం రకం, కనిష్ఠం | మూలనున్న ఆఫ్‌సెట్ | ఫార్మాటు అక్షరం |
| సరిదిద్దింది నిలుస్తుందా | టెంప్లేటులో పెడితే | అవును | ఆ ఫైలులో మాత్రమే | అవును | అవును |

## ఎవరికి ఏది

పగలూ రాత్రీ తెర చూస్తూ ఉండే బృందానికి గ్రఫానా. కానీ ప్రతి ప్యానెల్‌కూ (డాష్‌బోర్డులోని ఒక్కో గ్రాఫుకూ) యూనిట్ తప్పనిసరి అన్న నియమం పెట్టుకోవాలి. యూనిట్ లేని ప్యానెల్ కొత్తగా చేరినవారికి ఆర్‌ఆర్‌డీటూల్ గ్రాఫు కన్నా ఎక్కువ హాని చేస్తుంది, ఎందుకంటే అందంగా ఉన్నదాన్ని ఎవరూ అనుమానించరు.

పరిశోధన పత్రాలు రాసేవారికి, ఒకే గ్రాఫును మళ్లీమళ్లీ కొత్త డేటాతో అచ్చువేసేవారికి మ్యాట్‌ప్లాట్‌లిబ్. పైథాన్ నేర్చుకునే ఓపిక లేక, కమాండులతో ఇబ్బంది లేనివారికి గ్నూప్లాట్.

కోడు రాయనివారు, ఆఫీసు నివేదికలు పంపేవారు స్ప్రెడ్‌షీటును వదలలేరు, వదలమని చెప్పడం దండగ. వారికి రెండే మాటలు: కాలం ఉంటే స్కాటర్, కనిష్ఠం చేత్తో. చదివేవారు లక్షలు కోట్లలో ఆలోచించేవారైతే మిలియన్ల స్కేలు పెట్టకుండా, డేటానే కోట్లలోకి భాగించి, ఆ మాట అక్షం శీర్షికలో రాయండి.

ఒకదాని నుంచి మరోదానికి మారుతున్నవారు కొంతకాలం రెండూ పక్కపక్కన నడుపుతారు. ఆ కాలంలో తేడా కనిపిస్తే డేటా చెడిందని తవ్వడం మొదలుపెట్టకండి. ముందు ఆధారం 1000నా 1024నా, తర్వాత గుంపుకు పడే సమయం మొదటిదా చివరిదా, ఆ తర్వాత టైమ్‌జోన్. ఈ వరుసలో చూస్తే చాలా తేడాలు డేటా దాకా వెళ్లకుండానే తీరిపోతాయి.

## ఎంచుకునే ముందు చేయదగ్గ పరీక్ష

ఏ సాఫ్ట్‌వేర్ గొప్పదన్న మాట మీద ఆధారపడకుండా చిన్న ఫైలు ఒకటి తయారు చేసుకోండి. అందులో జవాబు మీకు ముందే తెలిసిన డేటా ఉండాలి.

విలువల్లో ఒకచోట 1048576 పెట్టండి, దాన్ని బైట్లు అని చెప్పండి. ఆ బిందువు అక్షం మీద 1.05 దగ్గర పడితే ఆధారం 1000, సరిగ్గా 1 మీద పడితే 1024. వేరే వరుసలో 0.2 పెట్టి, లేబుల్ దశాంశంగా వస్తుందా చిన్న ఎమ్‌తో వస్తుందా చూడండి. 0 నుంచి 4 దాకా అర చొప్పున పెంచుకుంటూ వెళ్లి, గ్రాఫు ఎత్తు తగ్గించి పెంచి, ఏ ఎత్తు దగ్గరైనా ఒకే లేబుల్ రెండుసార్లు వస్తుందేమో గమనించండి.

సమయాల్లో ఒకచోట మూడు గంటల ఖాళీ వదలండి. గీత తెగిందా, నేరుగా కలిపేసిందా, సున్నాకు పడి లేచిందా, లేక ఖాళీ లేనట్టే పక్కపక్కన పేర్చేసిందా? చివరిది చేసే సాఫ్ట్‌వేర్‌ను, చార్టు రకాన్ని టైమ్‌సిరీస్‌కు వాడకండి. 10:00 నుంచి 10:59 దాకా 100, మిగతా అంతా సున్నా ఉన్న రోజు ఒకటి చేర్చి, గంట సగటు అడగండి. 100 విలువ 10:00 కింద పడిందా 11:00 కింద పడిందా అన్నది రాసిపెట్టుకోండి. అదే ఫైలును కంప్యూటర్ టైమ్‌జోన్ మార్చి మళ్లీ తెరవండి. రోజు సగటు అడిగినప్పుడు రోజు ఎక్కడ మొదలైందో కూడా చూడండి. అర్ధరాత్రికి కాక తెల్లవారుజామునో, సాయంత్రమో రోజు మారుతుంటే డేటాబేసు యూటీసీ రోజుల్లో గుంపులు కడుతోందన్నమాట. ఇన్‌ఫ్లక్స్ పాత భాషలో దీనికి టైమ్‌జోన్ చెప్పే వీలుంది, చెప్పకపోతే యూటీసీయే.

ఆఖరున ఆ గ్రాఫును బొమ్మగా సేవ్ చేసి, పత్రంలో పడే సైజుకు కుదించి, సాఫ్ట్‌వేర్ తెలియని ఒకరికి ఇచ్చి అత్యధిక విలువ ఎంత, ఎప్పుడు వచ్చింది అని అడగండి. వారు చెప్పిన జవాబును ఫైలులోని వరుసతో సరిచూడండి.